తీరని పథ్యం

నడివయసులో మధుమేహం బయటపడటం చాలామంది విషయంలో నొప్పి తెలియని సంఘటన. జ్వరం, గాయం, కడుపునొప్పి వంటివి మనిషిని ముందు బాధపెట్టి ఆ తర్వాత వైద్యుని దగ్గరికి నడిపిస్తాయి; ఇది మాత్రం కంటి శస్త్రచికిత్సకో, పన్ను తీయించుకోవడానికో, బీమా పాలసీ కోసమో రక్తపరీక్ష చేయించుకున్నవారికి కాగితం మీది అంకెగా ఎదురవుతుంది. పరగడుపున తీసిన రక్తంలో డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి గ్లూకోజు ఉన్నా, 75 గ్రాముల గ్లూకోజును నీళ్ళలో కలుపుకొని తాగిన రెండు గంటలకు ఆ మోతాదు 200 చేరినా, హెచ్‌బిఎ1సి అనే పరీక్షలో 6.5 శాతం తేలినా మధుమేహం ఉన్నట్టు లెక్క. లక్షణాలేవీ లేనివారికి మరొక పరీక్షతో దాన్ని రూఢి చేసుకుంటారు. హెచ్‌బిఎ1సి అంటే ఎర్ర రక్తకణాలలోని హిమోగ్లోబిన్‌కు గ్లూకోజు ఎంత పాళ్ళలో అంటుకున్నదో చెప్పే కొలత. ఆ కణాల ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి అది గడచిన రెండు మూడు నెలల సగటును చూపిస్తుంది. పరీక్షకు ముందు రెండు రోజులు నోరు కట్టుకున్నంత మాత్రాన ఆ అంకె తగ్గదు.

నిన్నటికీ నేటికీ ఒంట్లో తేడా ఏమీ లేదు, ఆకలీ సత్తువా ఎప్పటిలాగే ఉన్నాయి, అయినా ఇకమీదట రోజూ మాత్ర వేసుకోవాలని, తినే ప్రతి ముద్దనూ లెక్కలోకి తీసుకోవాలని చెబితే మనిషికి అది తనకు సంబంధించిన సంగతిగా తోచదు. బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త మైకేల్ బ్యూరీ 1982లో కీళ్ళవాతపు రోగులను గురించి రాస్తూ, దీర్ఘరోగం మనిషి తన జీవితాన్ని గురించి ఊహించుకున్న కథనే మధ్యలో తెంచుతుందన్న భావనను ముందుకు తెచ్చాడు. మధుమేహం కూడా అలాగే తెంచుతుంది, కాని తెలుగు నాట ఆ తెంపును గుర్తించేవారు తక్కువ. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ అధ్యయనం 2023లో ప్రకటించిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని ముంగిట, అంటే వాడుకలో ‘బోర్డర్‌లో ఉంది’ అని చెప్పుకునే దశలో ఉన్నారు. ఇంతమందికి ఉన్న జబ్బు కనుక, బెంగపడేవారికి దొరికే ఓదార్పు ‘ఈ రోజుల్లో షుగర్ ఎవరికి లేదు’ అన్న మాటే. ధైర్యం చెప్పడానికే అన్నా, ఆ మాట విన్నవారు తమ దిగులును బయటపెట్టే వీలు లేక లోపలే అణచుకుంటారు. రోజూ కొలుచుకోవడం, లెక్కపెట్టుకోవడం, ఎంత చేసినా అంకె మాట వినకపోవడం వల్ల కలిగే ఈ అలసటను మనోవైద్యులు చెప్పే కుంగుబాటుకు భిన్నమైనదిగా గుర్తించి, దాన్ని కొలిచే ప్రశ్నావళిని అమెరికన్ మనస్తత్వవేత్త విలియం పొలాన్‌స్కీ బృందం 1995లో రూపొందించింది. చికిత్సలో ఈ అలసటకు కూడా చోటు ఉండాలని దాని అర్థం.

అన్నిటికంటే పెద్ద చిక్కు కాలానికి సంబంధించినది. తెలుగు ఇళ్ళలో జబ్బుకు తరతరాలుగా ఒక క్రమం ఉంది. జ్వరం వస్తే లంఖణం, తగ్గాక బీరకాయో పొట్లకాయో వండి పథ్యం పెట్టడం, ఆ తర్వాత తలకు పోసి మామూలు తిండిలోకి దించడం. బాలింతకూ, కామెర్లు సోకినవారికీ వేర్వేరు పథ్యాలు, వేర్వేరు గడువులు. వీటన్నిటిలోనూ సమానంగా ఉన్నది గడువే. ఫలానా రోజుతో ఇది తీరిపోతుందన్న ఎరుక ఉన్నందువల్లే ఎంత కఠినమైన పథ్యాన్నైనా మనిషి ఓర్చుకోగలుగుతాడు, ఇంటివారు కూడా ఆ కొద్ది రోజులూ విడిగా వండిపెట్టగలుగుతారు. మధుమేహం నిర్ధారణ అయిన వెంటనే ఎక్కువమంది ఈ పాత నమూనానే పాటిస్తారు. మూడు నెలలు అన్నం పూర్తిగా మానేసి, తెల్లవారుజామున లేచి నడిచి, కాకరకాయ రసం తాగి, మళ్ళీ పరీక్ష చేయించుకుంటే అంకె దిగివస్తుంది. దిగివచ్చిన అంకెను జబ్బు తగ్గిపోవడంగా భావించి మాత్ర మానేస్తారు, పథ్యం విడిచేస్తారు. ఏడాది తిరిగేసరికి అంకె మునుపటి కంటే పైకి పోయి, దానితోపాటు ‘ఎంత చేసినా ఇంతే’ అన్న నిస్పృహ కూడా చేరుతుంది. ఇది ఆ మనిషి నిగ్రహంలోని లోపం కాదు. తీరిపోయే జబ్బుల కోసం ఏర్పడిన పద్ధతిని తీరని స్థితికి వర్తింపజేయడంలోనే పొరపాటు ఉంది.

బ్రిటన్‌లో కొత్తగా మధుమేహం నిర్ధారణ అయినవారితో 1977లో మొదలై 1998లో ఫలితాలు వెలువడిన యుకెపిడిఎస్ అనే పెద్ద అధ్యయనం ఈ కాలగణనను ఇంకొక వైపు నుంచి సరిచేసింది. అధ్యయనం ముగిసిన ఏడాదికే గట్టి చికిత్స పొందినవారికీ మామూలు చికిత్స పొందినవారికీ రక్తంలోని గ్లూకోజులో తేడా చెరిగిపోయినప్పటికీ, మొదటి సంవత్సరాలలో దాన్ని అదుపులో ఉంచుకున్నవారికి మరో పదేళ్ళ తర్వాత కూడా కళ్ళకు, మూత్రపిండాలకు, గుండెకు కలిగే హాని తక్కువగా ఉన్నదని 2008లో తేలింది. తొలినాళ్ళ శ్రద్ధను శరీరం చాలాకాలం జ్ఞాపకం పెట్టుకుంటుంది. మూడు నెలల తీవ్రవ్రతం కంటే పదేళ్ళ పాటు నిలిచే మధ్యస్థమైన అలవాటు మేలని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కరలేదు.

నిర్ధారణ జరిగినవారిని వెంటాడే రెండవ బాధ అపరాధభావం. స్వీట్లు ఎక్కువ తిన్నందువల్లనో, ఒళ్ళు వంచనందువల్లనో ఈ శిక్ష పడిందని ఇంటివారూ బంధువులూ సూటిగా అనకపోయినా చూపుతో అంటారు. పెద్ద వయసులో వచ్చే మధుమేహంలో అత్యధికం రెండవ రకానికి చెందినది. అందులో క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది, కాని కండరాలు, కాలేయం, కొవ్వు కణాలు దాని ఆజ్ఞను సరిగా అందుకోవు, క్రమేణా క్లోమం కూడా అలసిపోతుంది. ఈ గుణం చాలావరకు వంశంలోనే వస్తుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడిన తమ ఫొటో ప్రచురించారు. ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచి ఇద్దరికీ 22.3 మాత్రమే, కాని ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే యాజ్ఞిక్‌కు 21.2 శాతం ఉంది. చూడటానికి సన్నగా ఉండి, కండ తక్కువగా, పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉండే ఈ దేహతత్వం దక్షిణాసియా వారిలో మెండు. అందుకే అమెరికాలో స్థిరపడిన తెలుగువారితో సహా ఆసియా మూలాలున్నవారికి ఆ సూచి 25 కాక 23 దాటినప్పుడే పరీక్షలు చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో తన నియమాన్ని మార్చుకున్నది. సన్నగా ఉన్నవారికి షుగర్ రాదన్న నమ్మకం వల్ల ఎందరో ఆలస్యంగా పరీక్ష చేయించుకున్నారు. రాత్రి ఏమీ తినకపోయినా పొద్దున్నే అంకె ఎక్కువ చూపిస్తున్నదని కలవరపడేవారికి కూడా ఇటువంటి వివరణే కావాలి: తెల్లవారుజామున కొన్ని హార్మోన్ల ప్రేరణతో కాలేయం తన నిల్వల నుంచి గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది, ఇన్సులిన్ మాట వినని కాలేయం మోతాదు మించి వదులుతుంది. మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యంగా తగ్గించేది ఈ విడుదలనే. ఉదయపు అంకెలో రాత్రి తిన్న తిండి ఒక్కటే కాదు, కాలేయం పనితీరు కూడా ఉంటుంది.

తిండి విషయానికి వస్తే, తెలుగు భోజనంలో సమస్య తీపిది కాదు, అన్నానిది. పెసరట్టు తిన్నా, జొన్నరొట్టె తిన్నా ‘భోజనం’ అనిపించుకునేది అన్నం ఒక్కటే కావడం మరీ పాత సంగతి కాదు. తెలంగాణ, రాయలసీమ మెట్ట ప్రాంతాలలో జొన్న, సజ్జ, రాగి, కొర్ర ప్రధానాహారాలుగా ఉండి, వరి అన్నం పండుగకో చుట్టాలు వచ్చినప్పుడో వండుకునే రోజులు రెండు మూడు తరాల కిందటివే. కాలువలు, బోర్లు, అధిక దిగుబడి వంగడాలు, 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ప్రారంభించిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఆకలిని తరిమి తెల్లన్నాన్ని ప్రతి ఇంటికీ అందుబాటులోకి తెచ్చాయి. ఆకలి తీర్చిన ఆ మార్పును చిన్నచూపు చూడటం తప్పు. అయితే చేనిపనిలో ఖర్చయ్యే శక్తికి సరిపడే అన్నపు కొలత, పని మారిపోయిన తర్వాత కూడా కంచంలో అలాగే నిలిచిపోయింది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబ మసూరి, అంటే బిపిటి 5204, సన్నబియ్యానికి మారుపేరై, పాలిష్ పట్టిన తెల్లదనాన్నే మంచి అన్నపు గుర్తుగా స్థిరపరచింది.

కంచంలోకి తొంగిచూస్తే చిక్కు ఇంకా స్పష్టమవుతుంది. ఒక కప్పు అన్నం తినమని పోషకాహార నిపుణులు సలహా ఇస్తారు. కాని తెలుగు భోజనంలో అన్నం ఒక పదార్థం కాదు, అన్ని పదార్థాలనూ మోసే పీఠం. ముందు పచ్చడో పొడో నెయ్యి వేసి కలుపుకోవడానికి కొంత, పప్పులోకి కొంత, కూరలోకి, పులుసులోకి, చారులోకి మళ్ళీ మళ్ళీ కొంత, చివర పెరుగులోకి తప్పనిసరిగా కొంత. ప్రతి విడతకూ కొత్తగా అన్నం వడ్డించుకోవడం ఈ భోజనపు నిర్మాణంలోనే ఉంది. ఒక కప్పును ఇన్ని భాగాలు చేస్తే ప్రతి భాగమూ వెలితిగా అనిపిస్తుంది. పెరుగన్నం లేకుండా లేచినవారికి భోజనం ముగిసిన తృప్తి ఉండదు. కాబట్టి కొలత తగ్గించమనడం కంటే క్రమాన్ని మార్చడం మేలు. కూరను అన్నంలోకి నంజుకునేదిగా కాక ముందుగా విడిగా గిన్నెడు తినడం, పప్పును చిక్కగా వండి దాని పాలు పెంచడం, చారును తాగడం, అన్నాన్ని రెండు విడతలకు, వాటిలో ఒకటి పెరుగుకు, పరిమితం చేయడం వంటి సర్దుబాట్లు రుచిని పోగొట్టకుండానే గ్లూకోజు ఒక్కసారిగా ఎగబాకడాన్ని తగ్గిస్తాయి. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థాన్ని చివరికి ఉంచితే భోజనానంతరపు అంకె తగ్గుతుందని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతానికి మించరాదంటున్నాయి. ఆ హద్దును తెలుగు కంచంలో సాధించే దారి ఇదే.

బియ్యం రకాన్ని మారిస్తే చాలునన్న ఆశ కూడా విరివిగా ఉంది. రాజేంద్రనగర్ వరి పరిశోధనా కేంద్రంలో రూపొందిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, బజారులో ‘షుగర్ ఫ్రీ బియ్యం’గా అమ్ముడుపోతోంది. గ్లైసిమిక్ సూచి అనేది టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం 1981లో ప్రతిపాదించిన కొలత. శుద్ధ గ్లూకోజు రక్తంలో కలిసే తీరును 100గా పెట్టుకొని, ఒక ఆహారం అందులో ఎంత మేరకు చక్కెరను పెంచుతుందో అది చెబుతుంది. ఈ రకానికి ఆ సూచి 51 దరిదాపుల్లో ఉందన్న మాట మంచిదే, కాని అందులోనూ ఉన్నది పిండిపదార్థమే. సూచి తక్కువని రెట్టింపు తింటే లాభం చేతికి రాదు. చిరుధాన్యాలకూ ఇదే వర్తిస్తుంది. జొన్నరొట్టె నమిలి తినేవారికి కలిగే మేలు, మెత్తగా పిండి పట్టించి జావ కాచుకొని గుటకలు వేసే రాగులతో కలగదు.

ఇంతకూ కంచంలో ఏముండాలో నిర్ణయించేది తినేవారు ఒక్కరే కాదు. తెలుగు ఇంట్లో వడ్డించడం ప్రేమను చెప్పే ముఖ్యమైన భాష. ‘ఇంకొంచెం’ అంటూ కొసరి వేయడం, వద్దన్న చేతిని తప్పించి గరిటె వంచడం, వియ్యాలవారి ఇంట్లో బూరెను కాదనడం మర్యాద తప్పినట్టు కావడం — వీటి మధ్య కూర్చున్న మనిషి ప్రతిపూటా ఎవరో ఒకరి ఆప్యాయతను తిరస్కరించవలసి వస్తుంది. వద్దన్న ప్రతిసారీ జబ్బును ప్రకటించుకోవలసి రావడం మరొక బాధ. పెళ్ళిళ్ళలో షుగర్ ఉందని చెప్పలేక లడ్డు తిని, రాత్రి మాత్ర ఒకటి ఎక్కువ వేసుకునేవారు ఉన్నారు. అందువల్ల వైద్యుని సలహా రోగికి మాత్రమే చెప్పి పంపడం సగం పని. వండే చేయి, వడ్డించే చేయి వినని సలహా నాలుగు రోజుల కంటే నిలవదు.

ఆ వండే మనిషికే మధుమేహం వచ్చినప్పుడు సమస్య రూపం పూర్తిగా మారుతుంది. మగవాడికి షుగర్ వస్తే ఇంట్లో వంట మారుతుంది, ఆడమనిషికి వస్తే ఎక్కువ ఇళ్ళలో ఏమీ మారదు. ఆమె అందరికీ మునుపటిలాగే వండి, అందరి తర్వాత పొద్దుపోయి తిని, మిగిలిన అన్నాన్ని పారబోయలేక తానే తినేస్తుంది. మాత్ర వేసుకొని కూడా పిల్లల క్యారేజీలు సర్దేదాకా ఫలహారం ముట్టదు. తనకోసం విడిగా రెండు పుల్కాలు చేసుకోవడం ఆమెకు స్వార్థంలా తోస్తుంది. నడకకు వెళ్ళే ఉదయపు గంట ఇంటి పని ఎక్కువగా ఉండే గంట కూడా అవుతుంది. ఈ స్థితిలో ఉన్న స్త్రీకి క్రమశిక్షణ గురించి ఉపన్యాసం ఇవ్వడం అన్యాయం. ఆమెకు కావలసింది అందరితోపాటు వేళకు తినే హక్కు, ఆ గంట పనిని ఇంకొకరు పంచుకోవడం. ఇంటిల్లిపాదికీ ఒకే రకం వంట చేసుకోవడంలోని మేలు ఇక్కడ బాగా కనిపిస్తుంది. విడి పథ్యం అక్కరలేని ఇంట్లో ఆమె తినడానికి వేరే అనుమతి అడగనక్కరలేదు.

భక్తి జీవితంతోనూ ఈ జబ్బు ఒప్పందం చేసుకోవలసి ఉంటుంది. కార్తీక మాసపు ఉపవాసాలు, 41 రోజుల అయ్యప్ప దీక్షలో మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం, రంజాన్‌లో సహరీ నుంచి ఇఫ్తార్ దాకా సాగే ఉపవాసం — వీటిని మధుమేహులెవరూ పాటించకూడదన్న నియమం లేదు. కాని గ్లిమిపిరైడ్ వంటి క్లోమాన్ని ప్రేరేపించే మాత్రలు లేదా ఇన్సులిన్ వాడేవారు మోతాదును మార్చుకోకుండా ఉపవాసం ఉంటే రక్తంలో గ్లూకోజు 70 కంటే కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. మూడు చెంచాల గ్లూకోజో చక్కెరో వెంటనే తీసుకొని పావుగంటకు మళ్ళీ చూసుకోవాలి. ఇది తాత్కాలిక ప్రమాదం. అంతకంటే మౌనంగా వచ్చేది పాదాలకు సంబంధించినది. ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్న గ్లూకోజు నరాలను దెబ్బతీసి పాదాల స్పర్శను తగ్గిస్తుంది. దీక్షలో ఉన్నవారు ఆ 41 రోజులూ చెప్పులు లేకుండా తిరుగుతారు, మొక్కు ఉన్నవారు అలిపిరి మెట్లు వట్టికాళ్ళతో ఎక్కుతారు, ఎండాకాలం గుడి ప్రాంగణంలో బండలు కాలిపోతుంటాయి. స్పర్శ లేని పాదానికి ముల్లు దిగినా బొబ్బ లేచినా తెలియదు. పది గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును అరికాలికి తాకించి చేసే పరీక్ష ఒక నిమిషం పని, ఖర్చు లేనిది, అయినా చాలామందికి ఏళ్ళ తరబడి ఎవరూ చేయరు. మాల వేసుకునే ముందు ఆ పరీక్ష చేయించుకోవడం, రాత్రిపూట అరికాళ్ళను వెలుతురులో చూసుకోవడం భక్తికి లోటు కావు.

మందుల విషయంలో తెలుగు నాట గట్టిగా వేళ్ళూనిన భయం ఇన్సులిన్‌ను గురించినది. అది మొదలైతే జబ్బు ముదిరినట్టేనని, ఒకసారి అలవాటైతే వదలదని నమ్మి, మాత్రలు చాలనప్పుడు కూడా ఏళ్ళకేళ్ళు వాయిదా వేస్తారు. క్లోమంలోని కణాలు కాలక్రమంలో తగ్గిపోవడం ఈ జబ్బు స్వభావం, దానికి ఇన్సులిన్ కారణం కాదు. 1921లో టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ దాన్ని వెలికితీయడానికి ముందు క్లోమం ఇన్సులిన్‌నే తయారుచేయలేని మొదటి రకం మధుమేహం వచ్చిన పిల్లలకు వైద్యులు చేయగలిగింది ఆకలితో మాడ్చి కొన్ని నెలల ఆయుష్షు పెంచడం మాత్రమే. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లవాడు దాన్ని మొదటిసారి పొంది బతికాడు. ప్రాణాన్ని నిలబెట్టడానికి పుట్టిన మందు చివరి దశకు గుర్తుగా మారిపోవడం బాధ కలిగించే విషయం. వేసవిలో 40 డిగ్రీలు దాటే తెలుగు జిల్లాలలో దాన్ని ఎండ తగలకుండా, ఫ్రిజ్‌లో గడ్డకట్టకుండా, ఫ్రిజ్ లేనిచోట తడిపిన మట్టికుండలో భద్రపరచుకోవడం వంటి సంగతులు చెప్పి పంపే ఓపిక వైద్యశాలల్లో ఉంటే ఈ భయం సగం తగ్గుతుంది.

భయానికి అవతలి ఒడ్డున అత్యాశ ఉంది. బరువు బాగా తగ్గినవారిలో జబ్బు ఉపశమనం పొందే అవకాశం నిజమే. బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్ అధ్యయనంలో, నిర్ధారణ జరిగి ఆరేళ్ళు మించనివారు కొన్ని నెలలు రోజుకు సుమారు 850 కేలరీల ఆహారంతో గడిపినప్పుడు ఏడాది చివర 46 శాతం మంది మందులు లేకుండా మధుమేహపు హద్దు కంటే తక్కువ అంకెలకు చేరారు, రెండేళ్ళకు వారి వాటా 36 శాతంగా ఉంది. దీన్ని వైద్యులు నయం కావడం అనరు, ఉపశమనం అంటారు. బరువు తిరిగి వస్తే జబ్బూ తిరిగి వస్తుంది. వైద్య పర్యవేక్షణలో జరిగిన ఆ ప్రయోగాన్ని చూపించి, మందులన్నీ మానేయమని టీవీల్లోనూ సభల్లోనూ చెప్పేవారి మాట విని మూత్రపిండాలు పోగొట్టుకునేవారిని చూస్తే ఉపేక్షించడం కష్టం. మెంతులపై జాతీయ పోషకాహార సంస్థలో జరిగిన పరిశోధనలు వాటి పీచుకు గ్లూకోజును కొంత తగ్గించే శక్తి ఉందని చూపాయి. తిండిలో భాగంగా అవి మంచివే, మాత్రకు బదులు కావు.

మొదటి నిర్ధారణ జరిగిన ఇంట్లో రెండవది కూడా జరిగే అవకాశం ఎక్కువ. తోబుట్టువులకు, సంతానానికి ఆ గుణం వంశంలో అందుతుంది, జీవిత భాగస్వామికి అదే వంటింటి తిండి అందుతుంది. అందుకే రోగి కోసం మారిన కంచం మిగతావారి విషయంలో చేసే పని వేరుగా ఉంటుంది, అది జబ్బు రాకుండా చూస్తుంది. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం, మధుమేహపు ముంగిట ఉన్న 531 మందితో జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రత్యేక సలహా ఏదీ పొందని వర్గంలో మూడేళ్ళకు 55 శాతం మందికి మధుమేహం వచ్చింది. నడక, మితమైన తిండి వంటి మార్పులు మాత్రమే పాటించిన వర్గంలో ఆ వాటా 39.3 శాతం. మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కటే ఇచ్చినవారిలో అది 40.5, మాత్రా మార్పులూ రెండూ కలిసినవారిలో 39.5. ఆ అధ్యయనంలో పాల్గొన్నవారు తెలుగువారిలాగే అన్నం తినే, అటువంటి ఒడ్డూపొడుగే ఉన్న దక్షిణాది మనుషులు. వారు చేసిన మార్పులు అరగంట నడక, తగ్గించిన తెల్లన్నం, నూనె, చక్కెర వంటివే, షుగర్ ఉన్న మనిషి కోసం ఇప్పటికే వంట మార్చుకున్న ఇంట్లో మిగతావారికి విడిగా నేర్పవలసిన అవసరం లేనివి.